నీడపట్టున హోస్టా

మే నెల వచ్చిందంటే అమెరికాలో తెలుగువాళ్ల పెరళ్లు కళకళలాడతాయి. గోంగూర మడి, బెండ, దోస పాదు, కుండీల్లో మిరప, కరివేపాకు. ఎండ తగిలే జాగా అంతా వాటికే సరిపోతుంది. చిక్కల్లా నీడ జాగాతోనే. ఉత్తరం గోడ వారన, పెద్ద చెట్ల కింద, కంచె పక్కన గడ్డి కూడా సరిగ్గా నిలవదు. బెండ వేస్తే వెలుతురు కోసం సాగిసాగి, కాయ కాయకుండానే పోతుంది. చాలామంది విసిగిపోయి అక్కడ రాళ్లు పరిచేస్తారు, లేదంటే చెక్కపొట్టు పోసి వదిలేస్తారు.

డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో మా పెరడు సగానికి సగం అలాంటి నేలే. ఇప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లు కూర మళ్లు దాటుకుని నేరుగా వెళ్లి నిలబడేది ఆ నీడలోనే. కారణం హోస్టా అనే ఆకుల మొక్క. నీడ పడే నేల పనికిరాని నేల కాదు, దానికి తగిన మొక్క వేరే ఉంది, అంతే. చలిదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లు ఈ మొక్కని తెలుసుకోవాలని నా కోరిక. మన ఊళ్లలో ఉన్నవాళ్లకి చెప్పాల్సిన జాగ్రత్త కూడా ఒకటుంది. అది చివర్లో చెప్తాను.

మంచు కింద నిద్ర

నేను కడియం నర్సరీల మధ్య పెరిగినదాన్ని. క్రోటన్లు, డైఫెన్‌బాకియాలు చూసిన కళ్లకి ఆకు అందం కోసం మొక్క పెంచడం వింతేమీ కాదు. వింతగా తోచింది దీని నిద్ర. అక్టోబరులో చలి ముదిరేసరికి హోస్టా ఆకులు పండుతాయి. నేల గడ్డకట్టే రాత్రి ఒక్కటి వస్తే చాలు, మెత్తబడి మట్టికి అతుక్కుపోతాయి. నవంబరు చివరికి అక్కడ మొక్క ఉందన్న ఆనవాలే ఉండదు. పైన మంచు, కింద మొదలు, వేళ్లు. దాదాపు ఆరు నెలలు అంతే.

మళ్లీ ఏప్రిల్లో ముక్కులు తేలతాయి. కొన్ని ఊదా రంగువి, కొన్ని లేతపచ్చవి. నిరుటి ఆకుల చెత్తని పొడుచుకుని వేలెడంత మొలకలు నిటారుగా లేస్తాయి. ఒక్కోటీ అరటి మొవ్వులా బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. నాలుగు రోజులు వెచ్చగా ఉంటే చుట్ట వదులై, ఆకు ముందు ఒక అంచు బయటపెడుతుంది, తర్వాత ఈనెలు తేలిన వెడల్పాటి రేకు పూర్తిగా విచ్చుకుంటుంది. నీలి రకమైతే ఆ కొత్త ఆకు మీద సన్నటి బూడిద పూత కనిపిస్తుంది. వేలితో నెమ్మదిగా రాస్తే పూత చెరిగి, కింద మామూలు ఆకుపచ్చ బయటపడుతుంది. అంటే మనకి కనిపించే నీలం ఆకులోది కాదు, పైనున్న మైనంది. ఎండ వేడికి ఆ మైనం కరిగిపోతుంది. అందుకే నీలి హోస్టాని గట్టి ఎండలో పెడితే జులైకల్లా ఆకుపచ్చగా తేలుతుంది.

జపాన్ వాగుల నుంచి

హోస్టాల పుట్టిల్లు చైనా, కొరియా, జపాన్. ఎక్కువ జాతులు జపాన్‌వే. వాగుల గట్లమీద, తడి పచ్చికల్లో, రాతి చరియల పగుళ్లలో పెరుగుతాయి. జపాన్‌లో కొన్ని జాతుల లేత మొలకల్ని ‘ఉరుయి’ పేరుతో వసంతకాలపు కూరగా తింటారు కూడా. మనం మాత్రం నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని నోట పెట్టకూడదు, వాటికి పురుగుమందులు కొట్టి ఉంటారు. ఇంట్లో కుక్కలు, పిల్లులు ఉంటే వాటినీ కనిపెట్టి ఉండాలి. హోస్టాలో ఉండే సాపోనిన్లు వాటికి పడవు, ఆకు నమిలితే వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఐరోపాకి ముందు చేరింది చైనా హోస్టా, 1780లలో. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాస్ హోస్ట్ పేరు మీద ఈ ప్రజాతికి 1812లో హోస్టా అని పేరు పెట్టారు. జపాన్ రకాల్ని పెద్దఎత్తున తీసుకెళ్లిన వ్యక్తి ఫిలిప్ ఫ్రాంజ్ ఫన్ సీబోల్ట్. డచ్చివాళ్ల వర్తక స్థావరమైన దెజిమా దీవిలో వైద్యుడిగా ఉంటూ సేకరించిన మొక్కల్ని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కి చేర్చాడు. ఈ రోజు మనం చూసే పెద్ద నీలి రకాల్లో చాలావాటికి మూలమైన జాతి ఆయన పేరుతోనే సీబోల్డియానా అయింది.

అమెరికాలో దీనికి ఇంత ఆదరణ రావడం వెనక ఒక తోటల రూపశిల్పి చూపు ఉంది. 1936లో ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఆవిడ కనెటికట్‌లోని బ్రిస్టల్ నర్సరీలో నీలి హోస్టాల వరుస చూస్తుంటే, ఒక్క మొక్క ఆకు అంచు మాత్రం పసుపుగా కనిపించింది. దాన్ని ఇంటికి తెచ్చి పెంచింది, తోటి పెంపకందార్లకి పంచింది. ఆ రకానికి ఆవిడ పేరే స్థిరపడింది. ఒకే మొక్కలో అలా ఉన్నట్టుండి వేరే రంగు పిలక పుట్టడం హోస్టాల్లో తరచూ జరుగుతుంది. ఇప్పుడున్న వేల రకాల్లో ఎన్నో అలా కనిపెట్టినవే. 1968లో అమెరికన్ హోస్టా సొసైటీ ఏర్పడింది.

మా మిషిగన్‌కీ ఇందులో వాటా ఉంది. టిప్టన్ దగ్గర మిషిగన్ స్టేట్ యూనివర్సిటీవారి హిడెన్ లేక్ గార్డెన్స్‌లో ఒక కొండవాలు మొత్తం హోస్టాలే. ఈ రాష్ట్రంలోనే కొత్త రకాలు సృష్టించిన బెనెడిక్ట్ పేరు దానికి పెట్టారు. మొక్కలు కొనే ముందు అలాంటి తోట ఒకటి చూడటం మంచిది. జానెడు కుండీలో ఉన్న మొక్క ఏడెనిమిదేళ్లకి ఎంతవుతుందో కళ్లారా చూస్తే ఎంత ఎడం వదలాలో తెలుస్తుంది.

ఎంత నీడ, ఎంత నీరు

హోస్టాకి చీకటి ఇష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీడని ఓర్చుకుంటుంది. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నం నుంచి నీడ ఉండే చోటు దానికి స్వర్గం. రంగుని బట్టి చోటు మారాలి. నీలి రకాలకి నీడ ఎక్కువ కావాలి. పసుపు రకాలకి పొద్దుటెండ తగిలితేనే ఆ మెరుపు వస్తుంది. ఆకు మధ్య తెల్లగా ఉండే రకాలతో జాగ్రత్త. తెల్లటి భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి మరీ నీడైతే మొక్క ఎదగదు, ఎండ ఎక్కువైతే ఆ తెలుపు మాడిపోతుంది.

గొయ్యి లోతుకన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే వేళ్లు పక్కలకి పాకుతాయి. తవ్విన మట్టిలో చివికిన ఆకు ఎరువు ధారాళంగా కలపాలి. కుండీలో మొదలు ఎంత ఎత్తులో ఉందో నేలలోనూ అంతే ఉండాలి, లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. చెక్కపొట్టు రెండు అంగుళాలు చాలు, అదీ మొదలుకి తగలకుండా చుట్టూ పోయాలి. ఎరువు వసంతంలో ఒకసారి వేస్తే సరిపోతుంది.

అసలైన విషయం నీళ్లు. అంత వెడల్పాటి ఆకు నుంచి తడి ఆవిరైపోతూనే ఉంటుంది. వారానికి అంగుళం వాన పడాలి, పడకపోతే మనం పోయాలి. పొద్దున్నే, మొదట్లోకి పోయాలి. మేపుల్ చెట్ల కిందైతే మరీ శ్రద్ధ కావాలి. వాటి వేళ్లు పైపైనే అల్లుకుని ఉన్న తడంతా లాగేస్తాయి. ఆగస్టులో ఆకు అంచులు గోధుమరంగుకి తిరిగాయంటే మొక్క దాహంతో ఉన్నట్టు లెక్క.

మొదటి రెండేళ్లు ఎదుగుదల కనిపించదు. వేళ్లు పాతుకుంటున్న కాలం అది. మొక్కని పీకి చూడటం, చోటు మార్చడం చేయకూడదు. నాలుగైదేళ్లకి దుబ్బు కడుతుంది, పెద్ద రకాలు నిండుగా రావడానికి ఇంకా పడుతుంది. ఒకసారి కుదురుకుంటే దశాబ్దాలపాటు ఉన్నచోటే ఉంటుంది.

పిలకలు కావాలంటే ఏప్రిల్లో ముక్కులు తేలగానే విడదీయాలి. పారతో దుబ్బు మొత్తం పెకలించి, మన్ను కడిగితే ఎక్కడ కోయాలో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి ముక్కకీ రెండు మూడు మొలకలు, వాటికి సరిపడా వేళ్లు ఉండాలి. మా పక్కింటావిడ ఇచ్చిన పిలకలతోనే మా నీడ మడి మొదలైంది. మా దుబ్బుల నుంచి ఇప్పుడు తెలిసినవాళ్ల ఇళ్లకి వెళ్తున్నాయి.

నత్తలు, జింకలు, వైరస్

ఆకులకి గుండ్రటి చిల్లులు పడితే అది గుల్ల లేని నత్తల పని. రాత్రి టార్చిలైటు పట్టుకుని ఆకుల అడుగున చూస్తే దొరికిపోతాయి. ఏరి సబ్బునీళ్లలో వేయడం, ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లడం పనిచేస్తాయి. దళసరి ఆకు రకాల జోలికి అవి అంతగా రావు. జింకలు మాత్రం ఒక్క రాత్రిలో కాడలు మిగిల్చి పోతాయి. కోడిగుడ్డు వాసన ఉండే జింకల మందు వాన వెలిసినప్పుడల్లా కొట్టాలి, లేదంటే కంచె కట్టుకోవాలి.

వీటన్నిటికన్నా భయపడాల్సింది హోస్టా వైరస్ ఎక్స్ గురించి. 1996లో మిన్నెసోటాలో మొదట గుర్తించారు. లేతరంగు ఆకు మీద ఈనెల వెంబడి సిరా పాకినట్టు ముదురు మరకలు వస్తాయి. మందు లేదు. మొక్కని వేళ్లతో సహా తీసి చెత్తలో పడేయాల్సిందే. కత్తికి అంటిన రసం ద్వారా ఇది పక్క మొక్కకి చేరుతుంది. అందుకే ఒక దుబ్బు కోశాక కత్తిని సబ్బుతో కడిగి, బ్లీచ్ నీళ్లలో ముంచిగానీ రెండోది కోయకూడదు. చవకగా వస్తోందని మరకల ఆకు మొక్కని అంగడి నుంచి ఇంటికి తేవద్దు.

మన ఊళ్లలో పెరుగుతుందా?

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అడిగింది, “రెండు పిలకలు పట్టుకుపోయి మన పెరట్లో వేస్తే బతకవంటే?” అని. బతకవు. విమానంలో మొక్కలు తీసుకెళ్లడానికి ఉన్న ఆంక్షలు ఒక ఎత్తు, అసలు సంగతి చలి. ఏటా కనీసం ఆరు వారాలైనా 5 డిగ్రీల సెల్సియస్‌కి అటూఇటూ చలిలో నిద్రపోతేనే హోస్టా మరుసటి వసంతంలో బలంగా లేస్తుంది. గోదావరి తీరంలోగానీ హైదరాబాదులోగానీ అంత చలి ఉండదు. లంబసింగిలో వణికించే రాత్రులు కొన్నే. నిద్ర లేని మొక్క ఏటేటా చిక్కి, చివరికి పోతుంది.

అందుకే ఆన్‌లైన్లో “హోస్టా విత్తనాలు” అని కనిపిస్తే డబ్బు పెట్టకండి. ఆకంతా గులాబీ రంగులోనో, నెమలికంఠపు నీలంలోనో ఉండే హోస్టా లేదు, అవి రంగులు దిద్దిన బొమ్మలు. నిజం విత్తనమే అయినా ఆకు అంచు వేరే రంగులో ఉండే రకాలు విత్తనం నుంచి తల్లిలా రావు. వాటిని పిలకలతోనో టిష్యూ కల్చర్‌తోనో పెంచుతారు. మన నీడకి మన నర్సరీల్లోనే మంచి మొక్కలున్నాయి. కెలాడియం, అగ్లోనిమా, పీస్ లిల్లీ, ఫెర్న్‌లు వేసుకోండి. హోస్టా దగ్గరి చుట్టం కూడా మన పూలకొట్లలోనే ఉంది. మనం లిల్లీ అని దండలు కట్టే నేలసంపెంగ, హోస్టా ఒకే కుటుంబానివి. చైనా హోస్టా ప్లాంటాజినియా తెల్లటి పువ్వులు ఆగస్టు సాయంత్రాల్లో విచ్చుకుని, ఆ చుట్టరికాన్ని సువాసనతో చాటుతాయి.

చలిప్రాంతాల్లో ఉండి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఇది. పొద్దుటెండ తగిలే మూలకి ‘సమ్ అండ్ సబ్‌స్టన్స్’ పెట్టండి. పసుపుపచ్చటి పెద్ద ఆకు, నత్తలు త్వరగా ముట్టవు, కానీ ఐదారు అడుగుల జాగా కావాలి. నీడ మూలకి నీలి ‘హాల్సియన్’. గట్టు అంచున, జానెడు ఎత్తు మించని ‘బ్లూ మౌస్ ఇయర్స్’. ఈ మూడూ దొరకడం సులువు, పెంచడం సులువు. కొనే ముందు ఇరుగుపొరుగుని ఒక మాట అడగండి. దుబ్బు ముదిరిన ఇంటివాళ్లు పిలక ఇవ్వడానికి వెనకాడరు. ఆకు మీద మరకలు లేవని చూసుకుని తెచ్చుకోండి, నీళ్లు మర్చిపోకుండా పోయండి. మీ పెరట్లో వదిలేసిన మూల ఇంకెప్పుడూ వదిలేసినట్టు ఉండదు.