తలుపు మూసిన చైనా... తలకిందులైన డాక్టరు చదువులు

తెల్లవారుజాము అయిదున్నర గంటలు. పాలకేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. డాబా మీద ఒక కుర్రవాడు సెల్‌ఫోను పట్టుకుని, ఏ మూల సిగ్నలు అందుతుందా అని అటూ ఇటూ తిరుగుతున్నాడు. చైనాలో అప్పటికి ఎనిమిది గంటలయింది. అక్కడి ప్రొఫెసరు పాఠం మొదలుపెట్టేశారు. కుర్రవాడు చదువుతున్నది వైద్యం. ఎదురుగా రోగి లేడు. మంచం లేదు. ఆసుపత్రి లేదు. ఉన్నదల్లా అరచేతిలో ఫోను.

కరోనా కాలంలో డాక్టరు చదువు కోసం పిల్లల్ని చైనా పంపిన ఇళ్లలో ఇదీ పరిస్థితి. ఒకటి రెండు నెలలు కాదు, దాదాపు రెండున్నర సంవత్సరాలు. చైనా కళాశాలల్లో పేర్లున్న భారతీయ విద్యార్థులు అప్పట్లో 23 వేలకు పైమాటే. వారిలో అత్యధికులు వైద్య విద్యార్థులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల నుంచి పొలం మీద అప్పు తెచ్చుకుని వెళ్లినవారూ వారిలో ఉన్నారు. మహమ్మారి పోయింది. ఆ పిల్లలు పడ్డ పాట్లు మాత్రం ఇకముందు పంపదలచిన ప్రతి ఇంటివారూ తెలుసుకోదగ్గవి.

ఒక్క సంచితో ఇంటికి

2020 జనవరి 25న చైనీయుల కొత్త సంవత్సరం. ఏటా ఆ పండుగకు అక్కడి కళాశాలలకు చలికాలం సెలవులిస్తారు. చాలామంది పిల్లలు ఆ సెలవులకే ఇంటికి వచ్చారు. జనవరి 23న ఊహాన్ నగరాన్ని చైనా ప్రభుత్వం దిగ్బంధం చేసింది. అక్కడ చిక్కుకుపోయినవారి కోసం ఎయిరిండియా విమానాలు రెండు వెళ్లాయి. ఫిబ్రవరి 1, 2 తేదీల్లో మొత్తం 647 మంది భారతీయులను తీసుకువచ్చాయి. మొదటి విమానంలో వచ్చిన 324 మందిలో 211 మంది విద్యార్థులే. ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు 56 మంది. వారిని ఊరికి పంపే ముందు మానేసర్, ఢిల్లీలోని చావ్లా శిబిరాల్లో విడిగా ఉంచి పరీక్షలు చేశారు.

సెలవులకు వచ్చినవారు చేతిసంచితో వచ్చారు. విమానమెక్కి వచ్చినవారు కట్టుబట్టలతో వచ్చారు. పుస్తకాలు, పరుపులు, వంట సామాను, కొందరి సర్టిఫికెట్లు అన్నీ హాస్టలు గదుల్లోనే ఉండిపోయాయి. నెలో రెండు నెలలో వెళ్లిపోతాం కదా అని అందరూ అనుకున్నారు.

2020 మార్చి 28న చైనా తలుపు మూసింది. అంతకుముందు ఇచ్చిన వీసాలున్నా విదేశీయులెవరూ లోపలికి రావడానికి వీల్లేదన్నది. విద్యార్థులకు ఆ తలుపు తిరిగి తెరిచింది 2022 ఆగస్టు 24న. మధ్యలో గడిచినవి 29 నెలలు.

ఊరివారి ప్రశ్న ఒకటే

ఊళ్లో ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకే మాట. 'మళ్లీ ఎప్పుడు ప్రయాణం?' మొదట్లో 'వచ్చే నెల' అనేవారు. తరువాత 'పండుగ వెళ్లాక' అన్నారు. ఏడాది దాటేసరికి జవాబు చెప్పలేక పెళ్లిళ్లకు పేరంటాలకు వెళ్లడమే మానుకున్నారు. తోటివారు ఇక్కడ ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరిపోతుంటే, వీరు మూడో ఏడో నాలుగో ఏడో చెప్పుకోలేని స్థితిలో పడ్డారు.

ఇంతలో గోరుచుట్టుపై రోకటిపోటులా సరిహద్దు గొడవ వచ్చిపడింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయ ఘర్షణలో 20 మంది భారత సైనికులు వీరమరణం పొందారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. తెలుగు ఊళ్లన్నీ కన్నీరు పెట్టిన సమయమది. చైనాలో చదువుతున్నామని చెప్పుకోవడానికే పిల్లలకు నోరు రాలేదు.

జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో వీచాట్ ఒకటి. మనకు వాట్సాప్ ఎలాగో చైనావారికి వీచాట్ అలాగ. కళాశాలల నోటీసులు, ప్రొఫెసర్ల సూచనలు చాలావరకు దానిలోనే వచ్చేవి. దేశ భద్రత కోసం తీసుకున్న నిర్ణయాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కానీ విద్యార్థులకు తమ కళాశాలతో ఉన్న ఆ కాస్త దారి కూడా మూసుకుపోయింది. పరీక్ష ఎప్పుడో, ఫీజుకు చివరి తేదీ ఏదో తెలుసుకోవడానికి నానా తంటాలు పడ్డారు.

చదువు ఆగినా వడ్డీ ఆగలేదు

బ్యాంకు విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే హామీగా ఆస్తి చూపాలి. పల్లెటూరివారికి ఆస్తి అంటే పొలం, ఇల్లు. కరోనా తొలి నెలల్లో, 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు కట్టనక్కరలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. వాయిదా ఆగింది గాని వడ్డీ పెరుగుతూనే పోయింది. బయట అప్పు తెచ్చినవారికి ఆ వెసులుబాటు కూడా లేదు.

మరోవైపు కళాశాల ఫీజు కట్టక తప్పదు. కట్టకపోతే సీటు పోతుంది. కడితే ఫోనులో పాఠం తప్ప మరేమీ రాదు. మానుకుందామంటే అప్పటిదాకా పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టయింది తల్లిదండ్రుల పని.

విచిత్రమేమిటంటే, తలుపు మూసి ఉన్న రోజుల్లో కూడా కొన్ని చైనా కళాశాలలు కొత్త అడ్మిషన్ల ప్రకటనలు ఇచ్చాయి. వాటిని నమ్మి చేరవద్దని 2022 ఫిబ్రవరి 8న జాతీయ వైద్య కమిషను, మార్చిలో యూజీసీ హెచ్చరించాయి. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివిన వైద్యవిద్య చెల్లదని కమిషను చెప్పింది.

కమిషను మాటలోనూ న్యాయముంది

ఇక్కడే అసలు చిక్కు. పిల్లలేమో 'రానివ్వనిది చైనా, మా తప్పేముంది?' అన్నారు. నిజమే. కమిషనేమో 'రోగిని ముట్టుకోనివాడికి వైద్యం చేసే అనుమతి ఎలా ఇస్తాం?' అన్నది. అదీ నిజమే.

ఆలోచిస్తే ఈ రెండు వైపులా ఉన్నది మన ఊరివారే. అప్పుచేసి కొడుకును చైనా పంపింది ఒక రైతు. రేపు పాము కరిచిందని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తేది మరో రైతు. నాడి పట్టడం, సూది వేయడం, పురుడు పోయడం ఫోనులో చూసి నేర్చుకున్న డాక్టరు చేతిలో ఏ తల్లి తన బిడ్డను పెడుతుంది?

ఈ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆసుపత్రి శిక్షణ లేకుండా డాక్టరు కావడం కుదరదని కోర్టు 2022 ఏప్రిల్ 29న స్పష్టం చేసింది. అయితే పిల్లల్ని గాలికి వదలడమూ తగదన్నది. ఆగిన శిక్షణను ఇక్కడి కళాశాలల్లో పూర్తిచేసేలా రెండు నెలల్లో పథకం తయారు చేయాలని కమిషనును ఆదేశించింది.

జూలై 28న కమిషను నోటీసు వచ్చింది. చివరి సంవత్సరంలో ఉండగా ఇంటికి వచ్చి, 2022 జూన్ 30లోగా కోర్సు పూర్తయినట్టు సర్టిఫికెట్ పొందినవారు మాత్రమే స్క్రీనింగ్ పరీక్ష రాయవచ్చు. ప్యాసయ్యాక ఒక ఏడాదికి బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలి. కిందితరగతుల వారికి ఆ నోటీసులో చోటు లేదు. వారిని ఇక్కడి కళాశాలల్లో చేర్చుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. మిగిలిపోయిన చివరి సంవత్సరం వారి విషయం 2023 మార్చి 28న మళ్లీ సుప్రీంకోర్టులో తేలింది. ఇక్కడి ఏ కళాశాలలోనూ చేరకుండానే ఎంబీబీఎస్ ఆఖరి పరీక్ష రెండు భాగాలూ రాసి ప్యాస్ కావాలి. ఆ తరువాత రెండేళ్లు ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది జీతం లేకుండానే.

మార్గమంటూ దొరికింది. కానీ చాలా ఆలస్యంగా దొరికింది.

తెరిచాకా తిప్పలే

2022 ఆగస్టులో వీసాలు ఇస్తామన్నారు గాని నేరుగా విమానాలు లేవు. 2020లో ఆగిన నేరు విమానాలు తిరిగి మొదలైంది 2025 అక్టోబరులోనే. హాంకాంగ్ వంటి చోట్ల దిగి మారి వెళ్లాలి. టిక్కెట్టు ధర మామూలుకు ఎన్నో రెట్లు పలికింది. దిగాక రోజుల తరబడి విడిగదిలో ఉండాలి, ఆ ఖర్చూ తమదే. విదేశాల నుంచి వచ్చినవారిని ఇలా విడిగా ఉంచే పద్ధతిని చైనా 2023 జనవరి 8న ఎత్తివేసింది.

ఆ సమయంలోనే, 2022 సెప్టెంబరులో, బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం ఒక లెక్క బయటపెట్టింది. 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష రాసినవారు 40,417 మంది. ప్యాసయినవారు 6,387 మంది. అంటే నూటికి పదహారు మంది. ఈ లెక్కలో కరోనాకు ముందు సంవత్సరాలు కూడా ఉన్నాయి. కష్టమంతా మహమ్మారితోనే వచ్చిందనుకోవడానికి వీల్లేదన్నమాట.

పంపే ముందు చూసుకోండి

ఇక్కడి ప్రైవేటు కళాశాలల మేనేజ్‌మెంట్ సీటుతో పోలిస్తే విదేశీ చదువుకు ఖర్చు తక్కువ. అందుకే ఎన్ని దెబ్బలు తిన్నా పిల్లలు వెళ్తూనే ఉన్నారు. వెళ్లవద్దనడానికి లేదు. ఏజెంటు మాట మీద మాత్రం వెళ్లవద్దు.

2021 నవంబరు 18న వచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో వైద్యకోర్సు 54 నెలలకు తగ్గకూడదు. బోధన ఇంగ్లీషులో సాగాలి. ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి అక్కడివారితో సమానమైన అర్హత ఆ డిగ్రీకి ఉండాలి. తిరిగి వచ్చాక ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలో అంతా ముగించాలి. వెళ్లేముందు నీట్ ప్యాసవడం తప్పనిసరి. వచ్చాక రాసే స్క్రీనింగ్ పరీక్షలో 300 మార్కులకు 150 రావాలి.

పాఠం ఇంగ్లీషులో చెప్పినా ఆసుపత్రిలో రోగి మాట్లాడేది చైనా భాషే. అది రాకపోతే రోగి చెప్పే బాధ అర్థం కాదు. కనుక ఆ భాష కూడా నేర్చుకోవలసిందే.

ఇవి ఇంటి పెద్దలు చూసుకోవలసినవి. ప్రభుత్వం చేయవలసిన పని వేరే ఉంది. సరిహద్దు మూసుకుంటే, యుద్ధం వస్తే, మహమ్మారి వస్తే, పరాయి దేశంలో సగంలో ఉన్న చదువుకు ఇక్కడ ఏ దారి ఉంటుందో ముందే రాసిపెట్టాలి. 29 నెలలు గడిచాక నోటీసు మీద నోటీసు ఇస్తే ఆ వయసు తిరిగి రాదు. రాయబార కార్యాలయం చెప్పే హెచ్చరికలు ఢిల్లీ దాటి రావడం లేదు. వాటిని తెలుగులో అచ్చువేయించి, జూనియర్ కళాశాలల్లోనూ విద్యారుణమిచ్చే బ్యాంకుల్లోనూ గోడకు అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే రైతు, సంతకం చేసే ముందే ఆ గోడ వంక ఒకసారి చూసుకుంటాడు. జిల్లా అధికారులు ఈ పనికైనా పూనుకోవాలి.