పది వేలకే ఐ5 డెస్క్‌టాప్... కొనేద్దామా?

మీకు తెలుసా? 'కోర్ ఐ5' అనే పేరు మార్కెట్లోకి వచ్చింది 2009లో. అంటే షాపు బోర్డు మీద 'ఐ5 కంప్యూటర్ పది వేలే' అని ఉంటే, లోపలి చిప్ వయసు మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లాడి వయసంత ఉండొచ్చు. పిల్లాడైతే ఏటేటా ఎదిగాడు, చిప్ ఎక్కడిదక్కడే!

ఆ వయసు కనిపెట్టడానికి జాతకచక్రం అక్కర్లేదని తెలుసా? ఐ5 పక్కనుండే నంబరు చూస్తే చాలు. 3470 అంటే మూడో జెన్, అంటే మూడో తరం, 2012 సరుకు. 8500 అంటే ఎనిమిదో జెన్, 2018. 12400 అంటే పన్నెండో జెన్, 2022. 750లాగా మూడే అంకెలుంటే అది మొట్టమొదటి తరం. దానికో దండం పెట్టి బయటికొచ్చేయండి.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక్క మంత్రం పనిచేస్తుంది, తెలుసా? "అన్నా, ఏ జెన్?" ఈ మాట పడగానే 'ఐ5 సార్, సూపర్ స్పీడ్' అన్న గొంతు కాస్త తగ్గుతుంది. ఇంకా అనుమానమా? ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' మీద నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఎస్‌ఎస్‌డీయా పాత హార్డ్ డిస్కా... గుట్టంతా రట్టు! ఖర్చు సున్నా, కావాల్సినవి మూడు వేళ్లు.

"మదర్‌బోర్డు బ్రాండ్ న్యూ సార్, సీలు కూడా విప్పలేదు." నిజమే కావచ్చు. కానీ ఈ చవక సెట్లలో తరచూ కనిపించే హెచ్61 చిప్‌సెట్‌ను ఇంటెల్ విడుదల చేసింది 2011లో అని మీకు తెలుసా? ఆ చిప్‌సెట్‌తో ఊరూపేరూ లేని బోర్డులు ఆ తర్వాత ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. అట్టపెట్టె కొత్తదే, అందులో అబద్ధం లేదు!

2025 అక్టోబర్ 14న ఏం జరిగిందో తెలుసా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించేసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో జెన్ నుంచే రమ్మంటోంది, ఏడో జెన్‌లో ఒకటీ అరా మినహాయిస్తే. ఐ5 7500 వచ్చింది 2017లో, 8500 వచ్చింది 2018లో. ఒకరు గడప ఇవతల, ఒకరు అవతల! పదేళ్లు నిండకుండానే రిటైర్మెంట్, అదీ పింఛను లేకుండా!

నన్నడిగితే అసలు బేరం ఇక్కడే తేలిపోతుంది. ఆఫీసులు వదిలించుకున్న ఎనిమిదో జెన్ రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎంతో కొంత వారంటీ ఉంటే కళ్లకద్దుకుని తెచ్చుకోండి. మూడో జెన్‌కు రంగురంగుల లైట్ల క్యాబినెట్ తొడిగి 'గేమింగ్ పీసీ' అంటే మాత్రం లైట్లు చూసి ఆనందించి ఇంటికి రండి. చూడ్డానికి టికెట్ లేదు కదా!

లైనక్స్ మింట్‌కు ఇంత పట్టింపు లేదని తెలుసా? ఏ జెన్ అని అడగదు, పైసా తీసుకోదు. పిల్లల చదువుకీ, యూట్యూబ్‌కీ, లెక్కలూ ఉత్తరాలూ రాసుకోడానికీ పాత యంత్రం మళ్లీ లేచి కూర్చుంటుంది. మీ ట్యాలీ మాత్రం విండోస్ కోసం మారాం చేస్తుంది!

చవక పెట్టె మీద 'డాస్' అని ఉందా? లోపల విండోస్ లేనట్టే! దాని బదులు వచ్చేది ఫ్రీడాస్. 1994లో జిమ్ హాల్ అనే అమెరికా కాలేజీ కుర్రాడు మొదలుపెట్టిన ఉచిత ప్రాజెక్టు అది. ఆన్ చేస్తే నల్లటి తెర, మిణుకుమనే గీత. అంతే సంగతులు!

మామూలు హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుందని తెలుసా? అంటే సెకనుకు 120! అంత తిరిగినా అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉన్న ఫైలు ముక్కల్ని సెకనుకు ఓ వంద చోట్ల నుంచి తేవడానికే దానికి ఆయాసం. చవక ఎస్‌ఎస్‌డీ కూడా అదే సెకనులో వేలాది చోట్ల నుంచి తెచ్చిపడేస్తుంది, కూర్చున్న చోటి నుంచి కదలకుండా! పాత సీపీయూకి ఒక్కటే మందు వేయాలంటే అది ఇదే.

95 పెద్దదా, 6 పెద్దదా? 2011 నాటి ఐ5 2400కు ఇంటెల్ రాసిన పవర్ అంకె 95 వాట్లు. 2023లో వచ్చిన ఎన్100 అనే బుల్లి ప్రాసెసర్‌కు రాసినది 6 వాట్లు. స్పీడ్ పరీక్షల్లో ఎవరికి ఎక్కువ మార్కులొచ్చాయో తెలుసా? ఆరుకే! పైగా ఎన్100 పెట్టిన మినీ పీసీ మానిటర్ వెనక నక్కి కూర్చుంటుంది. దుమ్ము దులపడానికి వెతుక్కోవాలి.

పెట్టెలోని భాగాలకు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ మీద '450 వాట్స్' అని ఉందా? పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 14 ఆంపియర్లు అని ఉందనుకుందాం. పన్నెండు పద్నాలుగులెంత? 168! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ముఖ్యంగా ఈ గడిలోంచే. మిగతా వాట్లు ఎక్కడికి పోయాయంటారా? స్టిక్కర్ అచ్చేసిన ప్రెస్సువాళ్లను అడగాలి. ఒక్క దీనిలో మాత్రం చవక వద్దు. ఇది పేలితే ఒంటరిగా పోదు, మదర్‌బోర్డును వెంటబెట్టుకుని మరీ పోతుంది.

చవక చిప్ ఖరీదైన చిప్‌ను కొట్టిన కథ తెలుసా? 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ, ధర 149 డాలర్లు. కుర్రాళ్లు మదర్‌బోర్డు బస్ స్పీడ్‌ను 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు జరిపారు. 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450 దగ్గర పరుగెత్తింది. అప్పటి మహారాజు పెంటియం 2 వేగం కూడా 450యే! ఇంటెల్ మార్కెటింగ్ వాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో!

2005లో హెచ్‌సీఎల్ మన దేశంలో 9,990 రూపాయలకే లైనక్స్ పీసీ అమ్మిందని తెలుసా? ఆ ఏడాది తులం బంగారం ఏడు వేల చుట్టుపక్కల. ఆ పీసీ ఇప్పుడెక్కడుందని కొన్నవాళ్లను అడగొచ్చు. తులం బంగారం కొన్నవాళ్లను మాత్రం కదిలించకండి, గంట సేపు వదలరు!

2007లో అమెరికా వాల్‌మార్ట్‌లో 199 డాలర్ల ఎవరెక్స్ పీసీ వచ్చింది. లోపలి సామాను బుల్లిది, పెట్టె మాత్రం భారీ. ఎందుకో తెలుసా? పెట్టె పెద్దదైతే శక్తీ ఎక్కువని జనం అనుకుంటారట! అంటే డబ్బు పెట్టి కొన్నదాంట్లో చాలా భాగం గాలి. మన దగ్గరైతే ఆ గాలి మీద కూడా 18 శాతం జీఎస్టీ!

కంప్యూటర్ ఫ్రీగా ఇచ్చిన పత్రిక ఉందని తెలుసా? 2015లో 5 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై జీరోను మ్యాగ్‌పై పత్రిక అట్ట మీద అతికించి ఇచ్చారు. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్! వారపత్రికతో షాంపూ సాచెట్ వస్తేనే మురిసిపోయినవాళ్లం మనం.

1976లో యాపిల్ 1 ధర 666.66 డాలర్లు. క్యాబినెట్ లేదు, కీబోర్డు లేదు, మానిటర్ లేదు, ఉట్టి బోర్డు! 2014లో అలాంటిదొకటి వేలంలో ఎంత పలికిందో ఊహించగలరా? 9,05,000 డాలర్లు! అటక మీద మీ పెంటియం 4 వైపు అలా చూడకండి. దానికి పాత సామాన్ల బండే గతి.

'ఇంకో ఆర్నెల్లు ఆగితే రేటు తగ్గుతుంది' అనేవాళ్లున్నారా? 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల ఆకలికి ర్యామ్ ధరలు రెట్టింపు దాటి ఎగిరాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే మైక్రాన్ ఆ డిసెంబర్‌లో 'ఈ వ్యాపారం చాలిక' అనేసింది. ఆగినవాళ్లకు దక్కింది ఆగడమే!

చివరగా ఒక్కటి. 1998లో 399, 499 డాలర్ల డెస్క్‌టాప్‌లతో అమెరికాను ఊపేసిన ఈమెషీన్స్ కంపెనీ తన పెట్టెల మీద ఏమని స్టిక్కర్ అంటించేదో తెలుసా? 'ఎప్పటికీ పాతబడదు'! 2013లో ఆ బ్రాండునే ఏసర్ ఎత్తేసింది. స్టిక్కర్ జిగురు మాత్రం గట్టిదే, గోకినా రాదట!