3.4 మైదానంలో ఘర్షణ: తప్పు ఎవరిది, శిక్ష ఎంత?

ఆటగాళ్లు కొట్టుకున్నప్పుడు మొదట వినిపించే ప్రశ్న "ముందు ఎవరు మొదలుపెట్టారు?" అని. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం బయట టీ తాగుతూ వాదించుకునే అశోక్‌నగర్ విద్యార్థులు కూడా అక్కడే ఆరంభిస్తారు. రిఫరీ అలా ఆరంభించనక్కర్లేదు. ఫుట్‌బాల్ 12వ నిబంధన ప్రకారం, బంతి కోసం కాకుండా ప్రత్యర్థిపై మితిమీరిన బలం ప్రయోగించినవారికి రెడ్ కార్డు చూపాలి. ఎదుటివాడు రెచ్చగొట్టాడన్నది మినహాయింపు కాదు.

రెచ్చగొట్టడం లెక్కలోకి వచ్చేది రెండో దశలో, అంటే క్రమశిక్షణ సంఘం ముందు. ఈ సంఘం రిఫరీ నివేదికను, వీడియోను, ఇరుపక్షాల వాదనను పరిశీలిస్తుంది. 2006 జూలై 9న బెర్లిన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్, ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీని తలతో ఛాతీపై గుద్దాడు. రెడ్ కార్డు ఒక్క జిదాన్‌కే చూపారు. తర్వాత ఫిఫా జిదాన్‌కు 3 మ్యాచ్‌ల నిషేధం, 7,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. మాటలతో రెచ్చగొట్టిన మాతెరాజ్జీకి 2 మ్యాచ్‌లు, 5,000 ఫ్రాంకులు. చేయి చేసుకున్నవాడికీ, నోరు పారేసుకున్నవాడికీ మధ్య తేడా ఒక్క మ్యాచే! మన శిక్షాస్మృతిలోనూ తీవ్రమైన, ఆకస్మికమైన ప్రకోపనం వల్ల గాయపరిస్తే శిక్ష తగ్గుతుంది కాని నేరం మాసిపోదు.

ఇక కష్టమైన ఉదాహరణ చూద్దాం. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడ్డాయి. (మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ వేర్వేరు కాలాల్లో ఈ రెండు క్లబ్బులకూ ఆడాడు.) ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్ మొరటుగా అడ్డుకోగా, మోహన్ బగాన్ ఆటగాడు బిదేశ్ బోస్ తిరగబడ్డాడు. రిఫరీ ఇద్దరినీ బయటకు పంపాడు. నిబంధన దృష్టిలో వ్యవహారం అక్కడికి ముగిసింది. కాని గొడవ గ్యాలరీలకు పాకింది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు మరణించారు.

ఈ మరణాలను ఆ ఇద్దరి ఖాతాలో వేయవచ్చా? వేయలేం. ఫౌల్ చేసినవాడు ఫౌల్‌కు, తిరిగి కొట్టినవాడు ఆ దెబ్బకు బాధ్యులు. రెండు క్లబ్బుల అభిమానులను ఒకే గ్యాలరీలో కలిపి కూర్చోబెట్టింది ఆటగాళ్లు కాదు. నిర్వాహకుల నిర్లక్ష్యం మాత్రం ఎవరి చొక్కా మీదా నంబరుగా కనిపించదు. అందుకే నింద సులువుగా ఆటగాడి మీదికి జారుతుంది. నేటి ఫిఫా క్రమశిక్షణ నియమావళి మైదానంలో భద్రతకు ఆతిథ్య క్లబ్బును లేదా సమాఖ్యను బాధ్యుల్ని చేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
నారాయణగూడలో జరిగే ఒక మ్యాచ్‌లో ఒక ఆటగాడు ప్రత్యర్థిని దూషించాడు. ప్రత్యర్థి అతణ్ని కొట్టాడు. బెంచీ మీది ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఒకరు విడదీశారు, మరొకరు తన్నారు. ఈ నలుగురిలో ఎవరికి ఏ శిక్ష తగును? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.