గంజి వార్చని పులావు

ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా' అంటారు. అంటే వడ్ల గిన్నె అని అర్థం. దాని రాజధాని రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం వేల సంఖ్యలో దేశవాళీ వరి రకాల విత్తనాలను భద్రపరుస్తోంది. 1970లలో డా. ఆర్.హెచ్. రిఛారియా సేకరించిన రకాలే ఈ విత్తన భాండాగారానికి పునాది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన 'నగరీ దూబ్‌రాజ్' ఆ ప్రాంతపు సువాసన బియ్యమే. అటువంటి బియ్యంతో కూరగాయల పులావు వండితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అయితే పులావులో వాసనను మించిన సుగుణం మరొకటుంది. అదేమిటో చూద్దాం.

గంజితో పోయేదేమిటి?

వరిగింజలో థయమిన్ (బి-1 విటమిన్) ఎక్కువగా పైపొరలోనూ, మొలకలోనూ ఉంటుంది. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు అది తవుడుతో పోతుంది. 100 గ్రాముల పచ్చి మిల్లు బియ్యంలో మిగిలేది సుమారు 0.06 మిల్లీగ్రాములే. ఉప్పుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఎందుకంటే, వడ్లను ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది.

థయమిన్ నీటిలో కరుగుతుంది. కనుక మిగిలిన ఆ కాస్తలో కొంత కడుగునీళ్లతో, మరికొంత వార్చిన గంజితో పోతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో గంజిని 'పసియా' అని తాగుతారు. పారబోసే ఇళ్లలో మాత్రం అది నష్టమే.

థయమిన్ లోపిస్తే బెరిబెరి వస్తుంది. నరాలు, గుండె దెబ్బతింటాయి. ఒకప్పుడు కోస్తా ఆంధ్రను ఈ వ్యాధి పీడించింది. దీనిపై పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న విభాగమే నేటి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ.

వండే విధానం

పులావును అత్తెసరుగా వండుతాం. పోసిన నీరంతా మెతుకుల్లోనే ఇంకిపోతుంది. నలుగురికి 2 గ్లాసుల బియ్యం, 3 గ్లాసుల క్యారెట్, బీన్స్, బఠాణీ ముక్కలు, అర గ్లాసు ఉడికించిన శనగలు చాలు. బియ్యాన్ని ఒకసారి మాత్రమే మెల్లగా కడిగి, 4 గ్లాసుల నీటిలో 20 నిమిషాలు నానబెట్టండి. కూరగాయలను ముందు కడిగి, తరువాత పెద్ద ముక్కలుగా తరగండి. రెండు చెంచాల నూనెలో లవంగాలు, దాల్చినచెక్క, ఏలకులు, ఉల్లి, అల్లం వేయించి, ముక్కలు, శనగలు వేయండి. నానిన బియ్యాన్ని ఆ నీటితో సహా పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి సన్నని మంటపై ఉడికించండి. దించాక నిమ్మరసం పిండండి.

ఎందుకిలా?

మసాలా దినుసుల సుగంధ తైలాలు నూనెలో బాగా కరుగుతాయి. క్యారెట్‌లోని కెరోటిన్ మన శరీరానికి అందాలన్నా కొంత కొవ్వు అవసరం. బియ్యపు ప్రోటీనులో తక్కువగా ఉండే లైసిన్‌ను శనగలు భర్తీ చేస్తాయి. నిమ్మలోని సి విటమిన్ శనగల్లోని ఇనుమును పేగులు గ్రహించేందుకు తోడ్పడుతుంది. వేడికి ఆ విటమిన్ నశిస్తుంది గనుక నిమ్మరసాన్ని చివరనే కలపాలి.

అలాగని పులావు ఒక్కటే సంపూర్ణాహారం కాదు. పక్కన పెరుగు, ఏదైనా ఆకుకూర ఉండాలి. ఈ సూత్రం పులావుకే పరిమితమూ కాదు. రోజూ వండే అన్నాన్ని కూడా అత్తెసరుగా వండుకోవచ్చు. మీ ఇంట్లో గంజి వారుస్తున్నారా? అయితే అది ఎవరి కడుపులోకి పోతోందో, ఏ తూములోకి పోతోందో రేపు గమనించండి.