ఆసుపత్రి జ్ఞాపకశక్తి

రోగి ఒక్కడే, కాని అతనిని గురించిన సమాచారము పదిచోట్ల ఉండును. ఓ.పి. చీటీ అతని జేబులో ఉండును. కేసు షీటు వార్డులో ఉండును. రక్తపరీక్ష ఫలితము ప్రయోగశాల రిజిస్టరులోను, ఎక్స్‌రే ఫిల్ము మరొక గదిలోను, ఇచ్చిన మందుల లెక్క మందుల గదిలోను ఉండును. తనకు పెనిసిలిన్ పడదని రోగి అయిదేండ్ల క్రిందట ఒక వైద్యునితో చెప్పియుండవచ్చును. ఆ వైద్యుడు దానిని ఎఱ్ఱసిరాతో వ్రాసియు ఉండవచ్చును. కాని స్పృహ తప్పిన స్థితిలో ఆ రోగిని వేరొక ఆసుపత్రికి తెచ్చినప్పుడు, అచటి వైద్యునికి ఆ ఎఱ్ఱసిరా కనబడదు. ఒకరికి తెలిసిన సంగతి, తెలియవలసినవానికి అందకపోవుటచే ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఈ లోపమును తీర్చుటకు ఏర్పడినదే సమీకృత వైద్య సమాచార వ్యవస్థ. సమీకృతమనగా ఒకటిగా కూర్చబడినది. కంప్యూటరు దీనికి సాధనము మాత్రమే. పది రిజిస్టర్లను తీసివేసి, ఒకదానితో ఒకటి మాటలాడలేని పది కంప్యూటర్లను పెట్టినచో రోగికి కలుగు మేలు స్వల్పము. నిజముగా సమీకరణము జరుగవలెనన్నచో మూడు కావలెను: ఒక సంఖ్య, ఒక భాష, సకాలమున అందించు ఏర్పాటు. వీనిని వరుసగా చూతము.

ఒక రోగికి ఒక సంఖ్య

ఈ భావము కంప్యూటరుకంటె పాతది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, రోచెస్టరు పట్టణములో మేయో క్లినిక్ అను ప్రసిద్ధ వైద్యసంస్థ కలదు. 20వ శతాబ్ది ప్రారంభమున అచటి వైద్యులు తాము చూచిన రోగుల వివరములను ఎవరి పద్దుపుస్తకములో వారు వ్రాసికొనుచుండిరి. ఒక రోగిని ముగ్గురు వైద్యులు చూచినచో అతని కథ మూడు పుస్తకములలో ముక్కలై ఉండెడిది. 1907లో హెన్రీ ప్లమ్మర్ అను వైద్యుడు ఈ పద్ధతిని మార్చెను. ప్రతి రోగికి ఒక సంఖ్యను కేటాయించి, అతనికి సంబంధించిన పత్రములన్నిటిని ఆ సంఖ్యతో ఒకేచోట భద్రపరచు ఏర్పాటు చేసెను. రోగి ఎన్ని యేండ్లకు తిరిగివచ్చినను అదే సంఖ్య, అదే దస్త్రము. నేటి ఎలక్ట్రానిక్ రికార్డునకు ఆ దస్త్రమే మూలరూపమనవచ్చును.

పేరు చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు పలువురుందురు. ఒకే మనిషి పేరును ఒకచోట ఇంటిపేరు ముందుంచియు, మరొకచోట వెనుకనుంచియు వ్రాయుదురు. కనుక పేరు పిలుచుటకు పనికివచ్చును గాని, రికార్డులను కలుపుటకు చాలదు.

ఒకే భాష

రికార్డులు ఒకచోటికి చేరినను, వానిలోని మాటలకు అందరును ఒకే అర్థము చెప్పుకొనవలెను. రక్తములోని గ్లూకోజును ఉదాహరణముగా తీసికొందము. మన దేశములో దీనిని సాధారణముగా డెసిలీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పుదురు. బ్రిటన్ మొదలగు దేశములలో లీటరునకు ఇన్ని మిల్లీమోల్‌లని చెప్పుదురు. గ్లూకోజు అణుభారము 180. కనుక ఒక మిల్లీమోల్ గ్లూకోజు 180 మిల్లీగ్రాములు తూగును. లీటరునకు 180 మిల్లీగ్రాములనగా, లీటరులో పదవవంతగు డెసిలీటరునకు 18 మిల్లీగ్రాములు. అందుచేత లీటరునకు 10 మిల్లీమోల్‌లు అన్నను, డెసిలీటరునకు 180 మిల్లీగ్రాములు అన్నను ఒకటే.

ఇప్పుడు ఒక కంప్యూటరు మరొకదానికి కొలమానమును విడిచి “10” అను అంకెను మాత్రమే పంపినదనుకొందము. ఒక అర్థములో అది చక్కెర హెచ్చుగా ఉన్నదని చెప్పును. రెండవ అర్థములో చక్కెర ప్రాణాపాయకరముగా పడిపోయినదని చెప్పును. మొదటి రోగికి చక్కెరను తగ్గించు చికిత్స, రెండవవానికి వెంటనే గ్లూకోజు అవసరము. చికిత్సలు తారుమారైనచో కలుగు అనర్థమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పొరపాట్లను నివారించుటకే అంతర్జాతీయ ప్రమాణములు ఏర్పడినవి. సందేశములను పంపు పద్ధతిని నిర్ణయించు హెచ్.ఎల్.7 సంస్థ 1987లో వెలసెను. పరీక్షలకు సంకేతములనిచ్చు ‘లోయింక్’ పద్ధతి 1994లో ఆరంభమాయెను. ఇందులో రక్తరసములోని గ్లూకోజును ద్రవ్యరాశిలో కొలిచినచో 2345-7 అనియు, మోల్‌లలో కొలిచినచో 14749-6 అనియు వేర్వేరు సంకేతములు కలవు. ఎక్స్‌రే, స్కానింగు చిత్రములకు ‘డైకామ్’ అను ప్రమాణము ఉన్నది.

సకాలమున గుర్తుచేయుట

సమాచారము దాచుటకే కాదు, వేళకు పనికివచ్చుటకు. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యుడు చేసిన పరిశోధన 1976లో ప్రకటింపబడెను. రోగి రికార్డును కంప్యూటరు ముందే పరిశీలించి, చేయవలసిన పరీక్షను లేక మార్పును వైద్యునికి చీటీ రూపమున గుర్తుచేయును. చీటీ అందిన సందర్భములలో నూటికి 51 చోట్ల వైద్యులు తగు చర్య తీసికొనిరి. చీటీ అందనప్పుడు అది నూటికి 22 మాత్రమే. ఆ వైద్యులు తెలివితక్కువవారు కారు. ఒక మనిషి ఒకేసారి గుర్తుంచుకొనగల సంగతులకు మితి ఉన్నదని మెక్‌డొనాల్డ్ నిర్ణయించెను.

మందుల విషయమున బోస్టన్ నగరములోని బ్రిగమ్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధన 1998లో వెలువడెను. వైద్యులు మందులను చేతితో వ్రాయుటకు బదులు కంప్యూటరులో నమోదు చేయసాగిన పిమ్మట, ముందుగా పట్టుబడక రోగివరకు పోయిన తీవ్రమైన మందుల పొరపాట్లు నూటికి 55 వంతులు తగ్గెను.

సాధనమొకటే, ఫలితములు రెండు

కాని ఇట్టి వ్యవస్థ తనంత తానే మేలు చేయునని అనుకొనరాదు. పిట్స్‌బర్గ్ నగరములోని పిల్లల ఆసుపత్రిలో కంప్యూటరు ద్వారా మందులు వ్రాయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇతర ఆసుపత్రులనుండి తీసికొనిరాబడిన పిల్లలలో మరణములు నూటికి 2.80 నుండి 6.57కు పెరిగెనని 2005లో ప్రకటించిన వ్యాసము తెలిపెను. అంతకు మునుపు బిడ్డ దారిలో ఉండగనే మందులు సిద్ధముచేయుటకు వీలుండెను. క్రొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి పేరు నమోదైన తరువాతనే మందులు వ్రాయవలసివచ్చెను. ప్రాణాపాయములో ఉన్న బిడ్డకు ఆ కొద్ది నిముషములే అమూల్యములు.

అదే సాఫ్టువేరును సియాటిల్ నగరములోని పిల్లల ఆసుపత్రిలోను పెట్టిరి. అచట తీవ్రచికిత్సా విభాగములో మరణములు పెరుగలేదని 2006లో తెలిసెను. తరచు అవసరమగు ఆదేశములను వారు ముందే సిద్ధపరచుకొనిరి. దీనిని బట్టి, వైద్యులు, నర్సులు పనిచేయు తీరును గమనించి వ్యవస్థను కూర్పవలెనని తేలుచున్నది.

మన దేశములో

భారత ప్రభుత్వము ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు 2013లో ప్రమాణములను ప్రకటించి, 2016లో సవరించెను. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికిని ఆరంభింపబడెను. దీనిలో చేరినవారికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య లభించును. రికార్డులన్నిటిని ఒకే గిడ్డంగిలో కుప్పపోయుట దీని పద్ధతి కాదు. అవి తయారైన ఆసుపత్రిలోనే ఉండును. రోగి సమ్మతించినప్పుడు ఆ సంఖ్య ఆధారముగా మరొక ఆసుపత్రి వానిని చూడగలుగును.

సమ్మతి యేల? రోగము రహస్యముగా ఉంచవలసిన సంగతి. ఒకటిగా కలిసిన సమాచారము వైద్యునికి ఎంత ఉపయోగమో దొంగకును అంత ఉపయోగము. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దాడి జరుగగా, కొన్ని దినములు అచట పనులను కాగితములపైననే నడుపవలసివచ్చెను. కనుక ప్రతి ఆసుపత్రియు రికార్డులకు వేరొకచోట నకళ్లు ఉంచవలెను. ఏ రికార్డును ఎవరు ఎప్పుడు చూచిరో నమోదు చేయవలెను. కంప్యూటరు ఆగినప్పుడు పని జరుపు విధానమును సిబ్బందికి నేర్పియుంచవలెను.

ఈ వ్యవస్థ పూర్తిగా నెలకొనువరకు, ఆ తరువాతను, రోగి చేయదగిన పని ఒకటి కలదు. తనకు పడని మందు పేరును, వాడుచున్న మందుల పేర్లను ఒక చీటీపై వ్రాసి దగ్గర ఉంచుకొనుట. విద్యార్థులు తమ ఇంటిలోని పెద్దలకు అట్టి చీటీని నేడే వ్రాసి ఈయవచ్చును. అందులో ప్రతి అంకె ప్రక్కను దాని కొలమానమును మరువరాదు.