యంత్రము తనంతట నడచుట వేఱు, పని బాగుపడుట వేఱు

మనిషి చేయి తగులకుండ నడచు మిల్లు వచ్చినచో బియ్యము తనంతట హెచ్చు దిగునని మన రైతులలో పలువురు తలంచుచున్నారు. ఈ తలంపుతోనే సంఘముల వాటాధనమును, అప్పు తెచ్చిన సొమ్మును యంత్రములపై పెట్టుట జరుగుచుండును. పాతపట్నము ప్రాంతమున వరియే ముఖ్యమైన పంట గనుక, ఈ విషయమున గల భేదమును సభ్యులకు విశదపఱుపనెంచితిమి.

మనిషి చేయు పనిని యంత్రమునకు అప్పగించుట స్వయంచాలనము. పనిలోని కొలతలను సరిదిద్ది, తక్కువ నష్టముతో ఎక్కువ ఫలము రాబట్టుట ఉత్తమీకరణము. పని ఎవరు చేయవలెనని మొదటిది విచారించును. ఎట్లు చేసిన మేలని రెండవది విచారించును.

నూఱు కిలోల వడ్లలో ఊక సుమారు 20 కిలోలు, తవుడు 8 మొదలు 12 కిలోలు ఉండును. తక్కిన 68 మొదలు 72 కిలోలే బియ్యము. ఎంత గొప్ప యంత్రమైనను ఈ మేరను దాటజాలదు. పాతకాలపు ఉక్కు హల్లరు ఊకను తవుడును ఒక్కమాఱే రాచి తీయును. ఆ ఒరపిడికి గింజ విఱిగి నూక యగును. తవుడు ఊకలో కలిసి చెడును.

అట్టి హల్లరునకు వడ్లు ఎత్తిపోయు ఎలివేటరును, సంచులు తూచి కుట్టు యంత్రమును అమర్చితిమనుకొందము. కళాసీల కూలి తగ్గును, వేళ కలిసివచ్చును. నూక మాత్రము తగ్గదు. మునుపు దినమంతయు ఆడించిన వచ్చు నష్టము ఇప్పుడు పూటలోనే వచ్చును.

రబ్బరు రోలర్ల మిల్లును చూడుడు. రెండు రోలర్లు ఎదురెదురుగా, వేర్వేఱు వేగములతో తిరుగుచు ఊకను ఒలుచును. వాని నడిమి సందు బిగువైనచో గింజ విఱుగును, రబ్బరు త్వరగా అఱుగును. వదులైనచో వడ్లు ఒలువబడక మిగులును. సన్నరకమును లావురకమును కలిపి పోసినచో ఏ సందును రెంటికి సరిపడదు. కావున రకములను వేఱుచేయుట, అఱుగుదలను చూచి సందును సవరించుట, ఖర్చు లేని ఉత్తమీకరణము.

ఆరబెట్టుటయు ఇట్టిదే. కోతనాడు వడ్లలో తేమ సుమారు నూటికి 20 మొదలు 25 పాళ్లుండును. మరకు 14 పాళ్లు తగును. తీవ్రమైన ఎండలో తొందరగా ఎండిన గింజ లోలోన బీటలు వాఱి మరలో నూక యగును. ఉప్పుడు వడ్లను 16 మొదలు 18 పాళ్ల తేమ వఱకు ఆరనిచ్చి, కొన్ని గంటలు కుప్పవేసి, పిమ్మట మరల ఆరబెట్టినచో ఈ నష్టము చాల తగ్గును.

ప్రభుత్వ ధాన్యమునకు మిల్లులు క్వింటాలుకు పచ్చి బియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు ఇయ్యవలెనని నియమము. వేయి క్వింటాళ్లు ఆడించు సంఘమునకు క్వింటాలుకు రెండు కిలోలు హెచ్చినచో ఇరువది క్వింటాళ్ల బియ్యము మిగులును.

స్వయంచాలనమును మేము నిరాకరింపము. సందును తానే సవరించుకొను రోలర్లు, తేమను కనిపెట్టి వేడిని తగ్గించు డ్రయరు మేలైనవే. అయితే సరియైన కొలత యేదో మొదట మనము ఎఱిగినగాని యంత్రమునకు దానిని నేర్పజాలము. కావున క్రొత్త యంత్రమునకు తీర్మానము చేయకముందు, ఒక నెల మిల్లులో పోసిన వడ్లను, వచ్చిన బియ్యము, నూక, తవుడు, ఊకలను వేర్వేఱుగా తూచి లెక్క వ్రాయుడు. నష్టమెచ్చట నున్నదో ఆ లెక్కయే చూపును. దానిని చూచిన పిమ్మట సొమ్ము వెచ్చింపుడు.