పాత సొరుగుకు కొత్త ఇల్లు

పాత ఇల్లు విప్పినప్పుడు టేకు తలుపులు, విరిగిన బల్లల సొరుగులు పొయ్యిపాలవుతుంటాయి. వాటికింకా బ్రతుకున్నది.

నెదర్లాండ్సు దేశపు డిజైనరు టేజో రెమీ 1991లో వేర్వేరు పాత సొరుగులు పోగుచేసి, ఒక్కొక్కదాని కొలతకే మేపుల్ చెక్కతో కొత్త పెట్టె చేసి, అన్నింటినీ గుట్టగా పేర్చి, పట్టీతో బిగించాడు. బట్టలు పెట్టుకునే బీరువా తయారైంది! కొత్త చెక్కే పాతదానికి ఒదిగింది.

మనమూ ముందే బొమ్మ గీసి పాతచెక్కను నరకవద్దు. చేతిలోనున్న ముక్కను కొలిచి, అది ఏమి కాగలదో వడ్రంగితో ఆలోచించండి. రంపం పెట్టకముందే మేకులు ఊడదీయించండి. పుచ్చిన భాగము తీసివేయించండి. ఏళ్ల తరబడి ఆరిన టేకు సులభంగా వంకరపోదు. తాతగారు చేయించిన తలుపు మనుమరాలికి చదువుబల్ల అవుతుంది. కొత్త కర్రకై అప్పు చేయవలసిన అవసరమూ తప్పుతుంది.